మొరాయిస్తున్న హార్డ్ డిస్క్ నుంచి ఫైళ్లు తీయడం: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

స్టూడియో కంప్యూటర్లో ఉన్న 2 టీబీ డిస్క్ రెండు రోజులుగా మొరాయిస్తోందని, ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ స్తంభిస్తోందని, ఒక్కోసారి ఫార్మాట్ చేయమంటోందని, డెలివరీ ఇవ్వాల్సిన పెళ్లిళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని రాశావు. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు ఆ కంప్యూటర్ ఆన్ చేయకు. ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపెయ్యి, సైడ్ ప్యానెల్ తీసి ఆ డిస్క్‌కున్న పవర్ కేబుల్ పీకెయ్యి.

పాడవుతున్న డిస్క్ ఇంకా ఎన్ని గంటలు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. తిరిగినంతసేపు అందులో ఉన్నదాన్ని ఇంకో డిస్క్‌లోకి దింపుకోవడానికే వాడాలి. బాగుచేయడానికి ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టకూడదు. విండోస్ ఫార్మాట్ చేయాలా అని అడిగితే క్యాన్సిల్ కొట్టు. చెక్‌డిస్క్ నడపమని ఎవరు చెప్పినా నడపకు. అది ఫైల్ సిస్టమ్ లెక్క సరిచేసే సాధనమే గాని ఫైళ్లను కాపాడే సాధనం కాదు. చదవలేకపోయిన చోట ఫోల్డర్ ఎంట్రీలను చెడిపోయినవిగా తీర్మానించి తీసేస్తుంది, ఆ మార్పుల్ని అదే డిస్క్ మీద రాసేస్తుంది. డీఫ్రాగ్, బ్యాడ్ సెక్టార్ రిపేర్ సాఫ్ట్‌వేర్లు, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఇవన్నీ ఆ కోవలోవే.

డిస్క్ జోలికి వెళ్లేముందు కెమెరా మెమరీ కార్డులు వెతుకు. కార్డు ఫార్మాట్ చేసినా, దాని మీద కొత్త షూటింగ్ జరగకపోతే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చాలావరకు ఫొటోలు తిరిగొస్తాయి. ఆల్బమ్ డిజైనర్‌కు పంపిన ఫైళ్లు, ప్రింటింగ్ ల్యాబ్‌లో మిగిలిన కాపీలు, పెళ్లివారికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవి కూడా అడిగి చూడు. అలా దొరికినవన్నీ డిస్క్‌తో పని లేకుండా నీ చేతికొచ్చినట్టే. ఇంకా ఏమేం కావాలో అప్పుడు ఒక చీటీ రాసుకో, ముందు కావాల్సినవి పైన పెట్టి.

ఇప్పుడు చెవి పెట్టి వినాలి. డిస్క్‌ను గట్టి బల్ల మీద కదలకుండా పెట్టి, పవర్ ఇచ్చి పది పదిహేను సెకన్లు విను, అంతకంటే ఎక్కువ వద్దు. మోటారు మెల్లగా ఊపందుకుని, ఒకటి రెండు చిన్న చప్పుళ్ల తర్వాత నిలకడగా తిరిగితే మంచిదే. టక్, టక్, టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే చదివే హెడ్లు పాడైనట్టు, లేదా డిస్క్ తన సొంత ఫర్మ్‌వేర్ రాసుకున్న చోటును చదవలేకపోతున్నట్టు. తిరగకుండా సన్నగా బీప్ బీప్ మంటే హెడ్లు పళ్లేనికి (డేటా రాసుండే గుండ్రటి బిళ్లకు) అతుక్కున్నాయి లేదా మోటారు బిగుసుకుంది. ఈ రెండింట్లో ఏది వినిపించినా వెంటనే పవర్ తీసెయ్యి. ఆ పని ఇంట్లో జరిగేది కాదు. పాడైన హెడ్ ప్రతి తిప్పుకీ పళ్లెం మీది పూతను గీరేస్తుంది, గీరిన పూతలోని డేటాను ప్రపంచంలో ఏ ల్యాబూ తేలేదు.

అసలు ఏ చప్పుడూ లేకపోతే అంత భయపడక్కర్లేదు. చాలాసార్లు తప్పు కింద ఉండే పచ్చ బోర్డుది. ఇంకో మంచి పవర్ కేబుల్, ఇంకో ఎస్ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై పెట్టె) పెట్టి చూడు. అయినా కదలకపోతే, పవర్ కనెక్టర్ పక్కన టీవీఎస్ డయోడ్లు రెండు ఉంటాయి, ఒకటి 5 వోల్టులకు, ఒకటి 12 వోల్టులకు. ఎక్కువ వోల్టేజీ వస్తే అవి షార్ట్ అయి బోర్డును కాపాడతాయి. 12 వోల్టుల డిస్క్‌కు ల్యాప్‌టాప్ 19 వోల్టుల ఛార్జర్ గుచ్చినప్పుడు జరిగేది ఇదే. మల్టీమీటర్ బజర్ మోడ్‌లో డయోడ్‌కు రెండువైపులా పెడితే రెండు దిక్కులా మోగిందంటే అది పోయింది. దాన్ని విప్పేసి, నమ్మకమైన పవర్ సప్లైతో నడిపితే చాలాసార్లు డిస్క్ లేస్తుంది. రక్షణ లేకుండా నడుస్తుంది కాబట్టి కాపీ అయ్యేదాకానే. బోర్డే మార్చాల్సి వస్తే మాత్రం అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోదు. బోర్డు మీదుండే 8 కాళ్ల రోమ్ చిప్‌లో (రీడ్ ఓన్లీ మెమరీ, ర్యామ్ కాదు) ఆ ఒక్క డిస్క్ హెడ్లకు సరిపోయే కొలతలు ఉంటాయి. పాత బోర్డు మీది ఆ చిప్‌ను తీసి కొత్త బోర్డుకు టంకం వేయాలి. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లలో చెయ్యి తిరిగినవాడైతే పది నిమిషాల్లో చేస్తాడు, నువ్వు మాత్రం చేయకు.

నీ రాతనుబట్టి చూస్తే నీది నిలకడగానే తిరుగుతోంది, గుర్తిస్తోంది, కానీ ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ స్తంభించిపోతోంది. ఇది బ్యాడ్ సెక్టార్ల, అంటే చదవడానికి వీల్లేకుండా చెడిపోయిన చోట్ల, లక్షణం. ఒకసారి స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడు, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ చాలు. 05 (రీఅలొకేటెడ్), సి5 (పెండింగ్), సి6 (అన్‌కరెక్టబుల్) వరుసల్లో ముడి విలువ సున్నా కాకపోతే పళ్లేల మీద తేడా ఉంది. సి7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ మంచిదే కావచ్చు, దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడు. స్మార్ట్ గుడ్ అని చెప్పింది కదా అని నమ్మి కూర్చోకు. అన్నీ గుడ్ అంటూనే చచ్చిపోయే డిస్క్‌లు బోలెడు.

కాపీకి కావాల్సినవి ఇవీ. 4 టీబీ కొత్త డిస్క్ ఒకటి, ఎందుకంటే 2 టీబీ బింబమూ (డిస్క్ మొత్తానికి ఒకే ఫైల్‌గా తీసే నకలు), దాన్నుంచి తీసే ఫైళ్లూ రెండూ పట్టాలి. దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసుకో, ఫ్యాట్ 32 అయితే 4 జీబీ మించిన ఫైల్ పట్టదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్ వేసి పెట్టుకో. కరెంటు మీద నమ్మకం ఉండదు కాబట్టి యూపీఎస్, డిస్క్ మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్. డిస్క్‌ను మదర్‌బోర్డు సాటా పోర్టుకే నేరుగా తగిలించు. యూఎస్‌బీ డాక్‌లో పెడితే బ్యాడ్ సెక్టార్ దగ్గర డాక్ చిప్ హ్యాంగ్ అయి డిస్కే కనపడకుండా పోతుంది. విండోస్‌లో ఈ పని వద్దనడానికి కారణం, అది డిస్క్ కనపడగానే మౌంట్ చేసి (అంటే తెరిచి వాడకానికి సిద్ధం చేసి), ఫొటోల థంబ్‌నెయిల్స్ కోసం వెతికి, ఏవేవో రాసి, ఉన్న ప్రాణం తోడేస్తుంది. ఉబుంటు డెస్క్‌టాప్ అనే ఇంకో లైనక్స్ కూడా దానంతట అదే మౌంట్ చేసే అవకాశం ఉంది. సిస్టమ్‌రెస్క్యూ అలా చేయదు.

నీ పోర్టబుల్ డిస్క్‌లకు ఇంకో చిక్కుంది, ఎప్పుడైనా అవసరపడుతుంది. కొన్నిటికి యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్క్ బోర్డుకే టంకం వేసి ఉంటుంది, లోపల సాటా ఉండదు. ఇంకొన్ని పెట్టెలోని చిప్ ద్వారా డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తాయి. డిస్క్‌ను విప్పి నేరుగా తగిలిస్తే అర్థంపర్థంలేని చెత్త కనపడుతుంది. అలాంటప్పుడు పాత పెట్టెను పారేయకు.

కాపీ చేసేది సిస్టమ్‌రెస్క్యూలోనే ఉండే డీడీరెస్క్యూ (ddrescue) అనే ప్రోగ్రామ్. దాని తెలివంతా వరుసలో ఉంది. ముందు తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ చదివేస్తుంది, ఇబ్బంది పెట్టే చోటు రాగానే అక్కడ పోరాడకుండా దాటిపోయి తర్వాత వస్తుంది. మామూలు కాపీ ఒక్క చెడ్డ సెక్టార్ దగ్గర గంటసేపు కొట్టుకుంటూ డిస్క్‌ను చంపుతుంది. మొదట ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో (lsblk -o NAME,SIZE,MODEL,SERIAL) సైజు, మోడల్, సీరియల్ నంబరు చూసి ఏది పాత డిస్కో ఏది కొత్తదో కాగితం మీద రాసుకో. స్టికర్ మీది సీరియల్‌తో సరిచూసుకో. ఆదేశంలో మొదట వచ్చేది మూలం, తర్వాత బింబం ఫైల్, చివర మ్యాప్ ఫైల్. ఈ వరుస తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నీ ఫొటోల మీద పడుతుంది, ఇక తిరిగి రాదు. నేరుగా డిస్క్ మీదికి కాకుండా ఫైల్‌లోకి దింపమంటున్నది కూడా ఈ తప్పు జరగకుండా ఉండాలనే.

మ్యాప్ ఫైల్ తప్పనిసరి. ఎక్కడిదాకా చదివింది, ఎక్కడ వదిలింది అందులోనే ఉంటుంది. కరెంటు పోయినా, కంట్రోల్ సీ కొట్టి ఆపినా, అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగినచోటు నుంచే మొదలవుతుంది. తెరిచి చూస్తే వరుసల చివర గుర్తులు కనపడతాయి: + అంటే దక్కింది, ? అంటే ఇంకా ముట్టుకోలేదు, * / అంటే ఇంకా గట్టిగా ప్రయత్నించాల్సినవి, - అంటే చదవలేని సెక్టార్. మొదటి విడత చిన్న ఎన్ (-n) ఆప్షన్‌తో నడుపు, అంటే చెడ్డ చోట్లను గీకే పని అసలు చేయదు. సెకనుకు 100 ఎమ్‌బీ వేగం నిలిస్తే 2 టీబీకి సుమారు ఐదున్నర గంటలు. పాడైన డిస్క్‌కు రెండు మూడు రోజులైనా పట్టొచ్చు, కంగారుపడకు. రెండో విడతలో చిన్న డీ (-d), చిన్న ఆర్ 3 (-r3) పెట్టు: నేరుగా డిస్క్‌తో మాట్లాడి, చెడ్డ చోట్లను మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. ఒకచోట ముందుకు సాగకపోతే పెద్ద ఆర్ (-R) పెట్టి వెనకనుంచి చదివించు. అటువైపు నుంచి వస్తే దక్కేవి చాలానే ఉంటాయి.

తెర మీద రెండింటిని కనిపెట్టుకుని ఉండాలి. ఎర్రర్ల లెక్క ఒక్కసారిగా వేలల్లో ఎగబాకితే అవి నిజమైన బ్యాడ్ సెక్టార్లు కావు, డిస్కే చేతులెత్తేసింది. ఆపి, పవర్ తీసి, అరగంట చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టు. ఆ తప్పుడు గుర్తులను రీట్రిమ్ ఆప్షన్ తుడిచేస్తుంది. మళ్లీ తగిలించాక డిస్క్ పేరు మారిపోవచ్చు, సీరియల్ మళ్లీ చూసుకోకుండా ఎంటర్ కొట్టకు. రెండోది, మంచి చోటు, చెడ్డ చోటు, మంచి చోటు, చెడ్డ చోటు అని చారలు చారలుగా ఒకే దూరంలో వస్తుంటే ఒక హెడ్ పోయిందన్నమాట. అక్కడితో ఆపు. దాంతో ఇంకా చదివించడం మిగిలిన హెడ్లనూ చంపుకోవడమే.

బింబం దక్కాక అసలు డిస్క్ విప్పి పక్కన పెట్టు, ఇక అన్ని పనులూ బింబం మీదే. డీఎమ్‌డీఈ, ఆర్ స్టూడియో అనే రికవరీ ప్రోగ్రాములు రెండూ బింబం ఫైల్‌ను తెరుస్తాయి, ఫోల్డర్ల చెట్టు పేర్లతో సహా కనపడుతుంది. అలా వస్తే అదే వాడు. పేర్లు ఏ రకంగానూ రాకపోతేనే ఫొటోరెక్‌కు వెళ్లు, ఎందుకంటే అది ఫైల్ మొదట్లో ఉండే గుర్తును బట్టి వెతికి తీస్తుంది, పేర్లు, ఫోల్డర్లు పోతాయి. ఫొటోలకు ఫరవాలేదు గాని ట్యాలీకి అది పనికిరాదు. నీ స్టూడియో లెక్కలు ట్యాలీలో ఉంటే, అంకెల పేరుతో ఉండే ఫోల్డర్ మొత్తం అదే పేర్లతో రావాలి.

తిరిగొచ్చిన ఫైళ్ల సైజు, సంఖ్య చూసి సంబరపడకు. సెక్టార్ చదవలేనిచోట సున్నాలుంటాయి, సైజు మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. జేపెగ్ తెరిస్తే సగం నుంచి బూడిద రంగు వస్తుంది. ఏ ఫైళ్లు దెబ్బతిన్నాయో తెలుసుకోవడానికి డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ ఉంది. బింబం కాపీ మీద చెడ్డ చోట్లన్నీ ఒక గుర్తు పదంతో నింపి, ఫైళ్లలో ఆ పదం వెతికితే జాబితా చేతికొస్తుంది. రా (RAW) ఫైల్, అంటే కెమెరా రాసిన అసలు ఫొటో ఫైల్, పాడైతే నిరాశ వద్దు, అందులో ఒక జేపెగ్ ప్రివ్యూ దాగి ఉంటుంది, చాలాసార్లు అది దక్కుతుంది. వీడియోల సంగతి కష్టం. ఎమ్‌పీ4 ఫైల్ చివరనో మొదటనో ఉండే సూచిక పోతే, అదే కెమెరాతో అదే సెట్టింగుల్లో తీసిన మంచి వీడియోను నమూనాగా ఇచ్చి రిపేర్ చేసే ప్రోగ్రాములు వాడాలి.

ఆ డిస్క్ బిట్‌లాకర్‌లో (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉందేమో కూడా ఇప్పుడే చూసుకో. ఉంటే పాస్‌వర్డో 48 అంకెల రికవరీ కీయో లేకుండా బింబం నూటికి నూరుపాళ్లు వచ్చినా ఏమీ తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో లాగిన్ అయితే ఆ కీ సాధారణంగా కనపడుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్లు తప్పకుండా తారసపడతారు. వినకు. బెజవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో చల్లటి డిస్క్ బయటికి తీయగానే లోపల పళ్లేల మీద తేమ పడుతుంది. హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది, దానికి ఆ నీటిబొట్టు కొండంత. కొట్టడం, గిరగిరా తిప్పడం, మూత విప్పి చూడటం, అన్నీ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కంప్యూటర్లు మునిగాయో చూశాం. మునిగిన డిస్క్‌ను ఎండబెట్టకూడదు, పవర్ ఇవ్వకూడదు. ఎండితే బురదనీటిలోని ఉప్పులు పళ్లేలకు పట్టుకుపోతాయి. తడిగుడ్డ చుట్టి గాలి చొరని కవర్లో మూసి, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కు పంపాలి.

ల్యాబ్‌కే వెళ్లాల్సి వస్తే ముందు అడగాల్సినవి అడుగు. డేటా రాకపోతే డబ్బు తీసుకోరా? పరిశీలించాక ఎంతవుతుందో రాసిస్తారా? పని మొదలుపెట్టాక ఏయే ఫైళ్లు వస్తాయో జాబితా చూపిస్తారా? మూత విప్పాల్సివస్తే దుమ్ములేని క్లీన్ బెంచ్ మీద చేస్తారా? సికింద్రాబాద్ సీటీసీలోనైనా (కంప్యూటర్ షాపుల సముదాయం), మీ ఊరి వీధిలోనైనా, "ఇప్పుడే విప్పి చూస్తా అన్నా" అనేవాడి చేతికి మాత్రం ఇవ్వకు. ఒకసారి మామూలు గదిలో మూత తీసిన డిస్క్‌ను పెద్ద ల్యాబులు చూసినా ధర పెరుగుతుంది, అవకాశం తగ్గుతుంది. వారంటీలో ఉంది కదా అని కంపెనీకి పంపకు, వాళ్లు సాధారణంగా వేరే డిస్క్ ఇస్తారు గాని నీ ఫొటోలు ఇవ్వరు, పాతది తిరిగిరాదు. కొరియర్‌లో పంపితే యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, చుట్టూ రెండంగుళాల ఫోమ్ ఉండేలా గట్టి డబ్బాలో సర్దు. లోపల కదిలితే మళ్లీ సర్దు.

పాత డిస్క్‌ను పెళ్లివారందరికీ ఆల్బమ్‌లు చేరి, వాళ్లు చూసుకుని సరే అన్నాకగాని పారేయకు. ఈలోగా మొదటి విడత నడిచాక మ్యాప్ ఫైల్ నాకు వాట్సాప్‌లో పంపు, చారలు వస్తున్నాయో లేదో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య