తక్కువ ఖర్చులో ట్రయోడ్ ఆంప్: ముందు స్పీకర్ చూడండి

రాయగడ నుంచి అడిగారు కదా, తక్కువ ధరలో సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ ఆంప్లిఫయర్ (చివరి దశలో సిగ్నల్ మొత్తాన్నీ ఒక్క గాజు వాల్వే పెంచే రకం) ఏది కొనాలి, తర్వాత అందులో ఏం మార్చాలి అని. ముందు మీ స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్ శబ్దం ఇస్తుందో చూడండి. 2ఏ3 వాల్వు ఇచ్చేది సుమారు మూడున్నర వాట్లు, 300బి అయితే 8. 86 డెసిబెల్ స్పీకర్‌కి అది చాలదు, పాట జోరందుకోగానే గొంతు బొంగురుపోతుంది. 92 పైన ఉంటే ఇంట్లో హాయిగా వినొచ్చు.

కొనేటప్పుడు డబ్బు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) మీద పెట్టండి. వాల్వు కరెంటంతా దాని తీగచుట్టలోంచే, ఒకే దిశలో పోతుంది. అందుకే కోర్‌లో, అంటే తీగ చుట్టిన ఇనుప దిమ్మలో, సన్నటి గాలి సందు వదులుతారు. అలా వదిలాక బాస్ నిలవాలంటే కోర్ పెద్దదే కావాలి. చేత్తో ఎత్తితే బరువు తెలియాలి. నేను బరంపురంలో నా పాత ఆంప్‌కి వాల్వులు మూడుసార్లు మార్చాను, తేడా కొంచెమే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజు మాత్రం మృదంగం ఎడమవైపు గుమ్కీ (సాగే మంద్ర నాదం) మొదటిసారి నిండుగా వినిపించింది!

అందుకే మార్చాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత కప్లింగ్ కెపాసిటర్లు (ఒక దశ నుంచి తర్వాతి దశకు సిగ్నల్‌ని మాత్రమే పంపేవి). వాల్వులు చివర్న. ఇంట్లో ఓల్టేజి ఊగిసలాడుతుంటే స్టెబిలైజర్ పెట్టండి, వాల్వులో వేడెక్కే తీగ, ఫిలమెంటు ఆయుష్షు నిలుస్తుంది. మూత తీసేముందు ప్లగ్ పీకి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయో లేదో మీటర్‌తో చూసుకోండి. స్విచ్ ఆపాక కూడా వాటిలో 300 ఓల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.