తోక సంగతి వేరు, ఐదో గోరు సంగతి వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కుక్కపిల్లల తోక కత్తిరింపు గురించే. వాటితో పాటే ముంగాలి లోపలివైపు నేలకు తగలకుండా ఉండే ఐదో గోరును, అంటే డ్యూక్లాను, తీయించాలా అన్న ప్రశ్న కూడా. రెండూ ఒకే రోజు చేసేస్తుంటారు కాబట్టి రెండూ ఒకటేనన్న భ్రమ ఏర్పడింది.

ప్ర. మా డాబర్‌మాన్ నాలుగు రోజుల కిందట ఆరు పిల్లల్ని పెట్టింది. ఐదో రోజు దాటితే తోక కోయడం కుదరదని, రబ్బరు బ్యాండు బిగిస్తే రక్తం కూడా రాదని, ఈ వయసులో నొప్పే తెలియదని తెలిసినవాళ్లు తొందర పెడుతున్నారు. ఏం చేయమంటారు?

జ. ఆరు తోకల్నీ వదిలేయండి. ఐదు రోజుల గడువు పిల్ల మేలు కోసం పెట్టింది కాదు, మత్తు ఇవ్వకుండా పని కానిచ్చేయడానికి పెట్టుకున్నది. ఆ తర్వాత కోయాలంటే పూర్తి మత్తుతో ఆపరేషనే.

బ్యాండు కడితే రక్తం రాదన్నది నిజమే. బిగించిన చోటి నుంచి కిందికి రక్తం అందక, కండ కుళ్లి, కొన్ని రోజులకు రాలిపోతుంది. ఈలోగా చచ్చిన కండకూ బతికున్న కండకూ మధ్య ఒక తడి గాడి ఏర్పడి చీము పట్టడానికి అనువుగా ఉంటుంది. తల్లి ఊరుకోదు, నాకుతుంది, లాగుతుంది. కత్తెరతో కోస్తే ప్రమాదం ఇంకో రకం. అరకిలో పిల్ల ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 40 మిల్లీలీటర్లు. ఒక్క చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు పోయిందంటే ఎనిమిదో వంతు పోయినట్టు. పెద్ద కుక్కలో లెక్కలోకి రాని రక్తస్రావం పసిపిల్లను చల్లబడేలా చేస్తుంది. చల్లబడిన పిల్ల పాలు చీకదు.

ఇక నొప్పి. నరాల మీద మైలిన్ పొర ఇంకా పూర్తికాలేదు కాబట్టి నొప్పి తెలియదన్నది పాత వాదన. కానీ నొప్పిని మోసే సన్నటి నరాల్లో చాలావాటికి పెద్దయ్యాక కూడా ఆ పొర ఉండదు. పైపెచ్చు, వచ్చే నొప్పిని మెదడు నుంచి అణిచే దారులు పసితనంలో ఇంకా సిద్ధంగా ఉండవు. 1996లో వెలువడిన ఒక పరిశీలనలో డాబర్‌మాన్, రాట్‌వైలర్, బూవియే జాతుల 50 పిల్లల్ని గమనిస్తే, తోక కోస్తున్నప్పుడు అరవని పిల్ల లేదు. 'వెంటనే వెళ్లి పాలు తాగింది కదా' అంటారు. పాలు చీకడమే వాటికి నొప్పిని కాస్త మరిపించే ఉపాయం. కోసిన నరం కొస ముద్ద కట్టి, పెద్దయ్యాక కూడా తాకనివ్వని కుక్కలున్నాయి.

ప్ర. పొదల్లో, ముళ్లలో పనిచేసే స్పానియల్ జాతి వేటకుక్కలకు తోక చీరుకుపోకుండా ముందే కోస్తారట. ఇదీ సాకేనా?

జ. కాదు. తోక కోతను సమర్థించే వాదనల్లో పస ఉన్నది ఇదొక్కటే.

బ్రిటన్‌లో పశువైద్యశాలలకు వచ్చిన కుక్కల మీద జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. అందులో తోక గాయాలు 0.23 శాతం. ఒక్క గాయం తప్పించాలంటే సుమారు 500 కుక్కలకు తోక కోయాలి. 2014లో వెలువడిన సర్వేలో స్కాట్లాండ్ వేటకుక్కల యజమానులను అడిగితే, తోక ఉన్న స్పానియళ్లలో 56.6 శాతం ఒక్క సీజన్లోనే ఏదో ఒక గాయం పాలయ్యాయి. రెండు పక్షాలూ తమకు నచ్చిన అంకెనే చూపించి పోట్లాడుకుంటుంటాయి. నిజానికి రెండూ కొట్లాడే అంకెలు కావు. మొదటిదాంట్లో అన్ని రకాల కుక్కలూ ఉన్నాయి, డాక్టరు దాకా వచ్చిన గాయాలనే లెక్కేశారు. రెండోది పనిచేసే కుక్కల గురించి యజమానులు చెప్పింది, చిన్న గీతలు కూడా అందులో ఉన్నాయి. 2007లో తోక కోతను పూర్తిగా నిషేధించిన స్కాట్లాండ్, 2017లో పనిచేసే స్పానియళ్లకూ, వేటను పసిగట్టి తెచ్చే కొన్ని జాతులకూ చివరి మూడో వంతు మాత్రం తీయడానికి అనుమతించింది. సోఫా మీద నిద్రపోయే స్పానియల్‌కు వర్తించేది మొదటి అంకె.

ప్ర. మా గ్రేట్ డేన్ సంతోషం వస్తే తోకను గోడకేసి కొడుతుంది. చివర పగిలి గోడంతా రక్తం. కట్టు నిలవడం లేదు.

జ. సెలైన్‌తో కడిగి, పుండుకు అంటుకోని గాజ్ గుడ్డ ప్యాడ్ పెట్టి, పైన వదులుగా కట్టు వేయండి. టేపును చర్మానికి కాకుండా వెంట్రుకల మీదుగా కొంచెం పైదాకా తీసుకెళ్తే జారదు. సాగే బ్యాండేజీని గట్టిగా బిగిస్తే రబ్బరు బ్యాండు చేసే పనే అదీ చేస్తుంది. కట్టు కింద తోక చల్లగా, వాచినట్టు ఉంటే వెంటనే విప్పేయాలి. పెద్ద సిరంజి గొట్టాన్ని రెండు చివరలా కోసి, అంచులు నున్నగా చేసి, గాలి ఆడేలా చిల్లులు పెట్టి కట్టు మీద తొడిగితే దెబ్బ దానికే తగులుతుంది. రోజూ మార్చాలి. వారాలు గడిచినా మానకుండా మళ్లీ మళ్లీ పగులుతుంటే మత్తిచ్చి తోక తగ్గించడమే దారి. ఇది వైద్యం. అందం కోసం పసిపిల్లకు చేసే కోతతో దీన్ని కలపకూడదు. ఒక మాట: కొస ఒక్కటే తీయించకండి. మిగిలిన పొడవు మళ్లీ గోడకు తగులుతుంది.

ప్ర. ఐదో గోరు పనికిరానిదే కదా, తీయించేస్తే గొడవ వదిలిపోతుందా?

జ. ఏ కాలి గోరు? ముంగాలిదైతే అది ఉత్త గోరు కాదు, వేలు. లోపల రెండు చిన్న ఎముకలు, కీలు, స్నాయువులు ఉంటాయి. కుక్క వేగంగా పరిగెడుతూ మలుపు తిరిగేటప్పుడు మణికట్టు వంగి ఆ వేలు నేలను తాకుతుంది. బొమికను పట్టుకుని కొరికేటప్పుడు కూడా వాడుకుంటుంది. ఎజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరిగెత్తే) పోటీల కుక్కల మీద 2018లో వచ్చిన సర్వేలో, ముందు డ్యూక్లా లేని కుక్కలకు మిగతా వేళ్ల గాయాల ముప్పు ఎక్కువగా కనిపించింది. ముంగాలివి ఉంచండి.

వెనక కాళ్లవి వేరు. వేళ్ల మధ్య పట్టి మెల్లగా కదిపి చూడండి. ఎముక తగలకుండా చర్మం మీద వేలాడుతుంటే అది తీగకో, తివాచీకో చిక్కుకుని చిరిగే అవకాశం ఉంది. సంతాన నిరోధక ఆపరేషన్‌కు ఎలాగూ మత్తిస్తారు, అప్పుడే తీయించవచ్చు. తర్వాత కొన్నాళ్లు కట్టు తడవకూడదు. కుట్లు విప్పే 10–14 రోజుల దాకా నాకకుండా మెడకు గరాటు లాంటి కాలర్ ఉండాలి. గట్టిగా, ఎముకతో అతుక్కుని ఉంటే జోలికి పోవద్దు. బ్రియార్, బోస్‌రాన్ లాంటి జాతులకు వెనక జంట డ్యూక్లాలు ఉండటమే జాతి లక్షణం.

ప్ర. పుట్టుకతోనే పొట్టి తోక అని చెప్పి పిల్లల్ని అమ్ముతున్నారు. నమ్మవచ్చా?

జ. పెంబ్రోక్ వెల్ష్ కోర్గీ లాంటి కొన్ని జాతుల్లో నిజంగానే ఉంటుంది. టి అనే జన్యువులో మార్పు దీనికి కారణం, డీఎన్ఏ పరీక్షలో తేలిపోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఆ మార్పుంటే పిండాల్లో నాలుగో వంతుకు రెండు ప్రతులూ వస్తాయి, అవి బతకవు. అందుకే పొట్టి తోకకు పొట్టి తోకను జత కట్టరు. బోస్టన్ టెర్రియర్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ తోకలకు కారణం వేరే, ఈ పరీక్షలో అది కనపడదు.

ప్ర. డ్యూక్లా గోరు గుండ్రంగా తిరిగి కండలోకి దిగబోతోంది.

జ. నేలకు రాసుకోదు కాబట్టి అది అరగదు. రెండు మూడు వారాలకోసారి చూడాలి, బొచ్చు కుక్కలైతే వెంట్రుకలు తప్పించి మరీ వెతకాలి. తెల్ల గోరులో గులాబీ రంగు రక్తనాళం కనిపిస్తుంది, దానికి 2 మిల్లీమీటర్లు ఇవతలే ఆగండి. నల్ల గోరైతే పలుచటి చెక్కులుగా కోస్తూ, కోసిన ముఖం మధ్యలో నల్లటి చుక్క కనపడగానే ఆపేయాలి. రక్తం వస్తే స్టిప్టిక్ పొడి (రక్తాన్ని ఆపే పొడి), అది లేకపోతే మొక్కజొన్న పిండి అద్ది ఐదు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడొస్తుంది. గోరు ఇప్పటికే కండలోకి దిగి ఉంటే, లేదా సగం విరిగి వేలాడుతుంటే ఇంట్లో లాగకండి. శుభ్రమైన గుడ్డ చుట్టి డాక్టరుకు చూపించండి. నొప్పికి మనుషుల ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రలు వేయవద్దు.