త్యాగం ఎవరిది?

సందేహం: ‘ఎక్కువమంది సుఖం కోసం కొద్దిమంది త్యాగం చేయక తప్పదు’ అని ఒక వ్యాసంలో చదివాను. ఈ సిద్ధాంతాన్ని ఉపయోగితావాదం అనాలా, ప్రయోజనవాదం అనాలా?

సమాధానం: పేరు సంగతి తర్వాత. మీరు ఉదాహరించిన వాక్యంలో నన్ను గుచ్చినది ‘త్యాగం’. తనదాన్ని తానే వదులుకున్నవాడు త్యాగి. తొడ కోసి ఇచ్చిన శిబి త్యాగి, కవచం ఒలిచి ఇచ్చిన కర్ణుడు త్యాగి. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఇళ్లు కూల్చి ఖాళీ చేయించిన జనం గురించి ‘నిర్వాసితుల త్యాగం’ అని రాసేస్తున్నారు. వాళ్లు వదులుకోలేదు, వాళ్ల చేత వదిలించారు. కర్మను ఎత్తి కర్త స్థానంలో కూర్చోబెట్టకండి. ‘కొద్దిమంది నష్టపోక తప్పదు’ అని రాస్తే మాట సూటిగా ఉంటుంది, వాదంలోని ఇబ్బందీ బయటపడుతుంది.

ఇక్కడ అందరూ ఎత్తుకునే శ్లోకం ఒకటుంది. సభాపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడితో అన్నాడు: ‘త్యజేత్ కులార్థే పురుషం, గ్రామస్యార్థే కులం త్యజేత్, గ్రామం జనపదస్యార్థే, ఆత్మార్థే పృథివీం త్యజేత్’. వంశం కోసం ఒక్కణ్ణి, ఊరికోసం వంశాన్ని, దేశం కోసం ఊరిని వదలాలి. ఉపన్యాసకులు మూడో పాదం దగ్గరే ఆగిపోతారు. ఆత్మకోసం భూమినే వదలమన్న నాలుగో పాదం ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. పైగా విదురుడు వదలమన్న ఆ ‘పురుషుడు’ దుర్యోధనుడు, తప్పు చేసినవాడు. ఏ పాపమూ ఎరగని పల్లెకు ఈ శ్లోకం అతికించడం అన్యాయం.

అలాగని ఈ వాదాన్ని తీసిపారేయలేం. 1789లో అచ్చయిన పుస్తకంలో ఈ వాదాన్ని నిలబెట్టిన ఇంగ్లండు తత్త్వవేత్త బెంథామ్ సుఖదుఃఖాలను తీవ్రత, నిడివి, నిశ్చయత వంటి కొలతలతో తూచాడు. ఆ త్రాసులో దొర సుఖం, కూలివాడి సుఖం ఒకే బరువు. జంతువుల విషయంలోనూ అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాక బాధపడగలవా అని అడిగాడు. ఆ ప్రశ్న ముందు నేను ఇప్పటికీ తలవంచుతాను. సుఖాల్లోనూ మేలురకం, నాసిరకం ఉన్నాయని 1861లో అదే వాదానికి చెందిన తత్త్వవేత్త మిల్ సవరించాడు.

ఈ వాదంలోని లోపాన్ని 1971లో అమెరికా తత్త్వవేత్త రాల్స్ పట్టుకున్నాడు. మనుషులు వేరువేరన్న సంగతిని ఈ వాదం లెక్కచేయదన్నాడు. రేపటి సుఖం కోసం నేను ఇవాళ పన్ను పీకించుకోవచ్చు, నొప్పీ నాదే, హాయీ నాదే. ఊరు మునిగింది ఒకరిది, కరెంటు వెలిగింది ఇంకొకరింట్లో. రెంటినీ ఒకే పద్దులో కూడి మొత్తం లాభమేనంటే, నష్టపోయినవాడికి అది జవాబు కాదు.

ఇక పేరు. ఉపయోగం, ప్రయోజనం రెండూ యుజ్ ధాతువు బిడ్డలే. దేనిని ఉద్దేశించి పనికి పూనుకుంటామో అది ప్రయోజనమని తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోని సూత్రం. ఈ వాదం ఉద్దేశం కన్నా ఫలితాన్నే చూస్తుంది కనుక నా మొగ్గు ఉపయోగితావాదం వైపు. ఫలమనే అర్థంలోనూ ‘ప్రయోజనం’ తెలుగులో స్థిరపడింది కాబట్టి ప్రయోజనవాదాన్ని తప్పనలేను.