అమెరికా మీద అభిప్రాయం రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన వ్యాసమూ చదివాను. అమెరికా రాజకీయాలు, మతం, కళ మూడింటి మీదా నీకు గట్టి అభిప్రాయాలున్నాయి. సంతోషం. అభిప్రాయం లేనివాడి వ్యాసం ఎవరూ చదవరు. కానీ నీ వ్యాసంలో కోపం మొదటి పేరాలోనే వచ్చేసింది, విషయం మాత్రం చివరిదాకా రాలేదు. ఎవరి మీద కోపమో తెలిసింది గానీ ఏం జరిగిందో తెలియలేదు. ఆ లోటు ఎలా పూడ్చుకోవాలో చెబుతాను.

అక్కడ మతం చుట్టూ, కళ చుట్టూ ఏ గొడవ రేగినా కలం పట్టేముందు మూడు సంగతులు తేల్చుకో. మాట్లాడుతున్నది ఎవరు? ఖర్చు ఎవరిది? చోటు ఎవరిది? ఈ మూడూ తేలాకే మంచిచెడ్డల జోలికి వెళ్ళు.

రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టుకుని చూడు. టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కనున్న షుగర్‌ల్యాండ్‌లో 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం నెలకొల్పారు. అదే ఏడాది జూన్‌లో లూసియానా రాష్ట్రం, ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టరు తగిలించాలని చట్టం చేసింది. కనీసం 11 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉండాలని కొలత కూడా పెట్టింది. పైపైన చూస్తే రెండూ మతచిహ్నాల తగాదాలే. 90 అడుగుల విగ్రహం ముందు ఆ పోస్టరు ఎంత? కానీ విగ్రహం నిలబడింది గుడి స్థలంలో, భక్తుల డబ్బుతో. పోస్టరు తగిలించమన్నది ప్రభుత్వం, ప్రభుత్వ బడిలో, హాజరు తప్పని పిల్లల ముందు. రాజ్యాంగం దృష్టిలో పెద్ద ప్రశ్న పోస్టరుదే. కెంటకీలో ఇలాంటి చట్టాన్నే 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. లూసియానా చట్టం మీద కేసులు నడిచాయి, కాబట్టి వ్యాసం పంపే రోజున తాజా పరిస్థితి చూసుకుని రాయి.

దీనికంతటికీ మూలం 1791లో వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికం చేయకూడదనీ, మతాచరణనూ మాట స్వేచ్ఛనూ అడ్డుకోకూడదనీ చెప్పేది అదే. ఇంగ్లిష్‌లో మొత్తం 45 మాటలే. కంఠతా పట్టు. అది కట్టేసేది ప్రభుత్వం చేతుల్ని. మొదట ఫెడరల్ కాంగ్రెస్‌కే, అంటే దేశ చట్టసభకే వర్తించేది, తర్వాత 14వ సవరణ ఆధారంగా రాష్ట్రాలకూ, నగరాలకూ, ప్రభుత్వ బడులకూ వర్తించింది. ఒక ప్రైవేటు కంపెనీ ఎవరి పోస్టునో తొలగిస్తే ఈ సవరణ ఉల్లంఘన జరిగినట్టు కాదు. నీ వ్యాసం రెండో పేజీలో సరిగ్గా ఈ పొరపాటే ఉంది, దిద్దుకో. మతానికీ రాజ్యానికీ మధ్య గోడ అనే మాట కూడా రాజ్యాంగంలో లేదు. అది 1802లో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ డాన్‌బరీ ఊరి బాప్టిస్టు క్రైస్తవులకు రాసిన లేఖలోది.

మన పాఠకుడి బుర్రలో ఉన్న చట్రం వేరని మరిచిపోకు. మనకు దేవాదాయ శాఖ ఉంది. తిరుమల పాలకమండలిని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో ఒక గవర్నరు ఏదైనా చర్చికి ధర్మకర్తల మండలిని నియమిస్తే ఆ ఉత్తర్వు కోర్టులో నిలవదు. ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా చెప్పకుండా అక్కడి లౌకికవాదం గురించి రాస్తే పాఠకుడు మన లౌకికవాదాన్నే ఊహించుకుంటాడు. రంగులతోనూ జాగ్రత్త. ఎరుపంటే మనకు కమ్యూనిస్టులు. 2000 ఎన్నికల తర్వాత నుంచీ అక్కడ అది రిపబ్లికన్ల రంగుగా స్థిరపడింది.

ఇక కళ సంగతి. నీ వ్యాసంలో అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఈ భాగమే. బొమ్మ ఎలా ఉందో ఒక్క వాక్యమైనా రాయకుండా అది దైవదూషణా కాదా అని తీర్పు చెప్పేశావు.

1999 అక్టోబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో బ్రిటిష్ చిత్రకారుడు క్రిస్ ఓఫిలీ వేసిన మేరీమాత చిత్రం ప్రదర్శనకు వచ్చింది. మేయర్ రూడీ జూలియానీ మండిపడ్డాడు. మ్యూజియంకు నగరం ఏటా ఇచ్చే సుమారు 70 లక్షల డాలర్లు ఆపేస్తానన్నాడు, భవనం ఖాళీ చేయిస్తానన్నాడు. మేరీమాత బొమ్మ మీద ఏనుగు లద్దె పూశారనీ చిమ్మారనీ పత్రికల్లో వచ్చింది. ఆ మాటే ఊరంతా పాకింది.

బొమ్మ దగ్గరికి వెళ్ళి చూస్తే కనబడేది వేరు. ఎనిమిది అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. పసుపు, బంగారు వన్నెల నేపథ్యం. మధ్యలో నీలి వస్త్రంలో నల్లజాతి మేరీ. లద్దె పూయలేదు, చిమ్మలేదు. ఎండబెట్టి గట్టిపరిచిన ఒక ముద్దను రొమ్ము ఉండే చోట అమర్చాడు. చిత్రం గోడకు వేలాడదు. అలాంటివే మరో రెండు ముద్దల మీద నేలపై నిలబడి గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ రెండింటి మీద రంగు పిన్నులతో ఆమె పేరు రాసి ఉంటుంది. ఇవన్నీ చెప్పి ఊరుకుంటే మళ్ళీ తప్పే. దూరానికి సీతాకోకచిలుకల్లా చుట్టూ ఎగురుతున్నట్టు కనిపించేవి దగ్గరికొస్తే అశ్లీల పత్రికల్లోంచి కత్తిరించిన శరీరభాగాల ముక్కలు. నొచ్చుకున్న క్యాథలిక్కుల అభ్యంతరంలో బలమున్నది అక్కడ. చిత్రాన్ని సమర్థించాలనుకుంటే నువ్వు జవాబు చెప్పాల్సిందీ దానికే.

తెలుగువాడికి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ముంగిట్లో పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టే వాళ్ళం కాబట్టి లద్దె అనగానే మనకు అవమానం స్ఫురించదు. ఓఫిలీ కూడా క్యాథలిక్‌గా పెరిగినవాడే, జింబాబ్వే వెళ్ళివచ్చాక ఆ పదార్థాన్ని వాడడం మొదలుపెట్టాడు. ఇది అతని వైపు వాదనకు పనికొస్తుంది. కానీ న్యూయార్క్‌లో మోకరిల్లి ప్రార్థించే ఒక ముసలామెకు అది ఎలా అనిపించి ఉంటుందో కూడా రాయాలి. ఆమె బాధను వెర్రిగా కొట్టిపారేస్తే నీ వ్యాసం ముందే ఒప్పుకున్నవాళ్ళకు తప్ప ఎవరికీ పనికిరాదు.

ఆ గొడవ ఎలా తేలింది? 1999 నవంబర్ 1న ఫెడరల్ న్యాయమూర్తి నీనా గెర్షన్ మ్యూజియం పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. ఇస్తున్న డబ్బును, అభిప్రాయం నచ్చలేదని శిక్షగా ఆపకూడదన్నది దాని సారం. ఇది చదివి, కళకు డబ్బిచ్చే ప్రభుత్వం ఏ షరతూ పెట్టకూడదని రాసేస్తారు చాలామంది. అంతకు ముందు ఏడాదే, 1998లో, సుప్రీంకోర్టు మరో కేసు తేల్చింది. 1965లో పుట్టిన జాతీయ కళల నిధి, గ్రాంట్లు ఎవరికివ్వాలో నిర్ణయించేటప్పుడు మర్యాదను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 8–1తో చెప్పింది. 1998 కేసులోది కొత్తగా ఇవ్వబోయే డబ్బు, బ్రూక్లిన్ కేసులోది ఇస్తూ వచ్చి శిక్షగా లాక్కునే డబ్బు. ఈ తేడా పట్టుకోనివాడు రెండు తీర్పుల్లో తనకు నచ్చినదాన్నే ఉదహరిస్తాడు, అవతలివాడు రెండోది చూపించగానే చేతులెత్తేస్తాడు.

డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడు మొత్తం ఎంతో రాయి. ఆ నిధికి 2024 బడ్జెట్ 20 కోట్ల 70 లక్షల డాలర్లు. వింటే కళ్ళు తిరుగుతాయి. జనాభాతో భాగిస్తే తలకు సుమారు 60 సెంట్లు. పన్నుల సొమ్ము తగలేస్తున్నారనేవాడికీ, నిధి పోతే దేశంలో కళే పోతుందనేవాడికీ ఈ అంకె ఒకేలా ఇబ్బంది పెడుతుంది. అందుకే అది వ్యాసంలో ఉండాలి.

తీర్పుల గురించి రాయాలంటే తీర్పే చదవాలి, దాని మీద వచ్చిన వార్త కాదు. సుప్రీంకోర్టు వెబ్‌సైట్లో పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. మొదట్లో ఉండే కొద్ది పేజీల సారాంశం కోర్టు సిబ్బంది తయారుచేసేది, తీర్పులో భాగం కాదు. దారి తెలుసుకోవడానికి చదువు, ఉదహరించడానికి వాడకు. తర్వాత మెజారిటీ అభిప్రాయం, వెంటనే అసమ్మతి అభిప్రాయం చదువు. అసమ్మతి వదిలేస్తే సగం విషయం పోయినట్టే. 2022 నాటి కెనడీ వర్సెస్ బ్రెమర్టన్ కేసు చూడు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బడి ఫుట్‌బాల్ కోచ్ ఆట ముగిశాక మైదానం నడుమ మోకరిల్లి ప్రార్థించేవాడు. 6–3తో కోచ్ గెలిచాడు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ గోర్సచ్ కథనంలో అది ఒక వ్యక్తి నిశ్శబ్దంగా చేసుకున్న సొంత ప్రార్థన. జస్టిస్ సోటోమేయర్ అసమ్మతిలో ఏకంగా ఫొటోలే పెట్టింది. వాటిలో కోచ్ చుట్టూ ఆటగాళ్ళు గుమిగూడి ఉంటారు. ఒకే మైదానం, ఒకే మనిషి, రెండు వేర్వేరు సంఘటనల్లా కనిపిస్తాయి. నువ్వు ఏ కథనాన్ని నమ్ముతున్నావో, ఎందుకు నమ్ముతున్నావో రాయడమే ఇక్కడ అభిప్రాయం అంటే.

అలాగే 1962లో బళ్ళలో ప్రార్థన నిషేధించారని నువ్వు రాసిన వాక్యం కొట్టేయి. ఆ తీర్పు ఆపింది బడి తరఫున చేయించే ప్రార్థనను. పరీక్షకు ముందు దండం పెట్టుకునే పిల్లవాడిని ఎవరూ ఆపలేదు.

సర్వేల దగ్గర ఇంకా జాగ్రత్త. వెయ్యిమందిని అడిగిన సర్వేలో పొరపాటుకు అవకాశం అటూ ఇటూ 3 శాతం. వందమందైతే 10 శాతం. ప్యూ సంస్థ 2023–24లో చేసిన పెద్ద సర్వే ప్రకారం అమెరికా వయోజనుల్లో క్రైస్తవులు 62 శాతం, ఏ మతమూ లేదనేవాళ్ళు 29 శాతం, హిందువులు ఒక శాతం దగ్గర. అంటే మామూలు వెయ్యిమంది సర్వేలో హిందువులు పదిమంది ఉంటారు. ఆ పదిమందిని పట్టుకుని అమెరికా హిందువులు ఎటు మొగ్గుతున్నారో రాసిన వ్యాసం కనబడితే పక్కన పడేయి. అమెరికా క్రైస్తవులు ఫలానా పార్టీకి ఓటేస్తారని రాయడం కూడా అంతే. 2016, 2020, 2024 మూడు ఎన్నికల్లోనూ తెల్లజాతి ఇవాంజెలికల్స్‌లో, అంటే బైబిలును గట్టిగా పట్టుకునే ప్రొటెస్టెంట్ వర్గంలో, పదిమందికి సుమారు ఎనిమిదిమంది ట్రంప్‌కు ఓటేశారు. నల్లజాతి ప్రొటెస్టెంట్లలో అత్యధికులు డెమోక్రాట్లకు వేశారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే బైబిలు.

వ్యాసం కట్టే పద్ధతి పెద్ద విద్య కాదు. 900 మాటలకు మించనివ్వకు. మొదటి 100 మాటల్లో జరిగినది చెప్పి, ఆ వెంటనే నీ అభిప్రాయం ఒక్క వాక్యంలో చెప్పేయి, దాచిపెట్టి ఊరించకు. అవతలి పక్షం వాదనలో అన్నిటికంటే బలమైనదానికి కనీసం 150 మాటలు ఇవ్వు. వాళ్ళు చదివి, అవును మేమనేది ఇదే అనేలా ఉండాలి. ఆఖరున పేర్లు మార్చి మరోసారి చదువు. క్రైస్తవం ఉన్నచోట హిందూమతం, రిపబ్లికన్ ఉన్నచోట డెమోక్రాట్ పెట్టు. అప్పుడు నీ వాదన నీకే మింగుడు పడకపోతే నువ్వు చెబుతున్నది సూత్రం కాదు, పక్షపాతం. మళ్ళీ రాయి.

చట్టాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఎమ్మెస్‌కు వెళ్ళే ప్రయత్నంలో ఉన్నావు. అమెరికాలో ప్రభుత్వ పదవిలో ఉన్నవారిని విమర్శించడానికి 1964 నాటి సలివన్ తీర్పు పెద్ద అండ. అబద్ధమని తెలిసి రాశాడనో, నిజానిజాలు ఖాతరు చేయకుండా రాశాడనో రుజువు చేస్తేనే పరువునష్టం నిలుస్తుంది. కానీ నీ వ్యాసం అచ్చయ్యేది హైదరాబాద్‌లో. ఇక్కడ పరువునష్టం ఇప్పటికీ నేరం, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడం 299వ సెక్షన్ కిందికి వస్తుంది, శిక్ష మూడేళ్ళ వరకూ ఉండొచ్చు. పైగా 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్ళను సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా ఉంచమని అమెరికా విదేశాంగ శాఖ అడుగుతోంది. భయపడి అభిప్రాయం మార్చుకోమని చెప్పను. భయపడి మార్చుకున్నానని నువ్వు అనే రోజు రాకూడదనే నా కోరిక. రాసిన ప్రతి వాక్యానికీ నీ దగ్గర ఆధారం ఉండాలి. వ్యాసంలోంచి ఒక్క ముక్క కత్తిరించి పోస్టు చేసే అలవాటు మానుకో. ఆ ముక్క వెంట నీ ఆధారాలు వెళ్ళవు.

పంపిన వ్యాసాన్ని అటకెక్కించి దీని మీద రాయి. 2000 సెప్టెంబర్ 14న మన ప్రధాని వాజ్‌పేయి అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించిన రోజున, ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ పూజారి వెంకటాచలపతి సముద్రాల అమెరికా ప్రతినిధుల సభను ప్రార్థనతో ప్రారంభించారు. ఆ సభలో అది మొదటి హిందూ ప్రార్థన. అభ్యంతరాలూ వచ్చాయి. ఏడేళ్ళ తర్వాత సెనేట్‌లో రాజన్ జెడ్ ప్రార్థించినప్పుడు గ్యాలరీ నుంచి కేకలు వేసి అడ్డుకోబోయారు. చట్టసభల్లో ప్రార్థన చెల్లుతుందని సుప్రీంకోర్టు 1983లో నెబ్రాస్కా కేసులో చెప్పింది, 2014లో న్యూయార్క్‌లోని గ్రీస్ పట్టణం కేసులో 5–4తో మళ్ళీ చెప్పింది. ఇక్కడ వేదిక ప్రభుత్వానిది, మాట పూజారిది. అందుకే షుగర్‌ల్యాండ్ విగ్రహమంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదిది. అసలు చట్టసభలో ప్రార్థన ఉండాలా? ఉంటే ఎవరినైనా పిలవాల్సిందేనా, నాస్తికుడిని కూడానా? మనవాళ్ళ ప్రార్థన వినిపించిందన్న సంతోషం పక్కనపెట్టి ఈ రెండింటికీ నీ జవాబు రాయి. ప్రార్థన పూర్తి పాఠం ఆ తేదీ కాంగ్రెషనల్ రికార్డులో ఉంది, ముందు అది చదువు. తర్వాత గ్రీస్ తీర్పులో జస్టిస్ కేగన్ అసమ్మతి చదువు. 900 మాటలు దాటకుండా రాసి పంపు, వచ్చిన వారంలో గీతలు పెట్టి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ అన్న