ఊళ్లున్నాయి, మనుషులే తగ్గారు

ప్రశ్న: అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని స్మిత్ కౌంటీ మీదుగా కారులో వెళ్తే చాలాసేపు మనిషే కనిపించలేదని మా అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. నిజంగా అంత ఖాళీనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: నిజమేనండీ. 2020 లెక్కల ప్రకారం కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి 3,570 మందే. విస్తీర్ణం మాత్రం సుమారు 2,300 చదరపు కిలోమీటర్లు, అంటే మన హైదరాబాద్ జిల్లాకి పదింతలు, ఇక్కడేమో 2011లోనే 39 లక్షలు దాటాం!

కానీ ఎప్పుడూ ఇలా లేదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమయ్యేవి. అలా వచ్చినవాళ్లు, చెట్లు పెద్దగా లేని గడ్డి మైదానం కదా, గడ్డి వేళ్లతో సహా మట్టిపెళ్లలు కోసి గోడలు కట్టుకున్నారు. 1900 నాటికి జనం 16,384. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, పదిమంది పని ఒక్కరే చేస్తున్నారు, 1930ల్లో కరువు, దుమ్ము తుఫాన్లు, పిల్లలు పట్నాలకి వెళ్లిపోవడం. మన పల్లెల్లో తాళాలేసిన ఇళ్లు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పాలా?

అన్నట్టు, అలాస్కా, హవాయి వదిలేస్తే అమెరికా భౌగోళిక కేంద్రం ఈ కౌంటీలోని లెబనాన్ అనే చిన్న ఊరి దగ్గరే. మళ్లీ వెళ్తే చూడమనండి.