చింటూ సర్టిఫికెట్ సంగతి

బిడ్డా స్వప్నా,

శుక్రవారం చింటూను ఆటిజంకు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ క్యాంపుకు తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "వాడికేమైంది, బంగారంలాగున్నాడు" అనే మీ అత్త మాట దాటి బయల్దేరుతున్నావు చూడు, నాకు గర్వంగా ఉంది. కానీ డాక్టరును బతిమాలి "మైల్డ్", అంటే కొద్దిగానే ఉందని రాయించుకుంటావట, బడిలో సీటు పోవద్దని. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఆధార్, ఫొటోలు, పాత రిపోర్టుల జిరాక్సులు పెట్టుకో. అవి నీకు తెలిసినవే.

పదిహేనేళ్ళ కింద నా మూడో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా స్టేషన్లన్నీ వరసగా చెప్పేవాడు. జమ్మికుంట, ఓదెల, పెద్దపల్లి, రామగుండం... ఒక్కటి తప్పేది కాదు. వాళ్ళమ్మ వచ్చి, "టీచరమ్మా, వాణ్ని తలుపు పక్కన కూర్చోబెట్టండి, లాంగ్ బెల్‌కు ముందే బయటికి పంపండి" అని అడిగింది. నేను అప్పుడే ఆటిజం ఉన్న పిల్లల మీద మూడు రోజుల ట్రైనింగ్ చేసొచ్చిన. "మీవాడు హై ఫంక్షనింగ్ అమ్మా, అంటే తెలివైనవాడే, అలవాటైపోతది" అన్న. ఎంత గొప్పగా అన్ననో!

ఆ ఏడు బడిలో బతుకమ్మ ఆడించినం. వరండాలో సౌండ్ బాక్సులు పెట్టిన్రు. పాట మొదలుకాగానే వాడు బెంచీ కిందికి దూరి, రెండు చెవులు మూసుకుని ఊగుతున్నాడు. నేను చెయ్యి పట్టి లాగిన. "స్టేషన్లన్నీ చెప్తవు, గంటసేపు కూర్చోలేవా?" అని అందరి ముందు గదమాయించిన. అన్ని ఊర్ల పేర్లు వచ్చిన నోటికి ఆ రోజు "వద్దు" అనే రెండక్షరాలు రాలేదు. తన మణికట్టు తనే కొరుక్కున్నాడు. వాళ్ళమ్మ వచ్చి నన్నేమీ అనలేదు. నల్లా కింద ఆ చెయ్యి పెట్టి కడుగుతూనే ఉంది. పండ్ల గాట్లు ఇంకా నా కండ్ల ముందున్నాయి. సెలవుల తర్వాత వాడు మళ్ళీ బడికి రాలేదు. ఆమె ఇప్పటికీ కూరగాయల దగ్గర కనబడితే బాగున్నరా టీచరమ్మా అంటది. నేను సంచిలోకి చూస్తూ జవాబిస్త.

రిటైరయ్యాక చదివిన. "హై ఫంక్షనింగ్" అసలు డాక్టర్ల నిర్ధారణే కాదు. ఎక్కువగా ఐక్యూ, అంటే తెలివిని కొలిచే అంకె, 70 దాటినవాళ్ళను అట్లా అనేవాళ్ళు. ఐక్యూకూ లాంగ్ బెల్‌కూ ఏం సంబంధం? 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల నిర్ధారణకు వాడే తన పుస్తకంలో ఆటిజంకు లెవల్ 1, 2, 3 అని పెట్టింది. పిల్లాడు ఎంత తెలివైనవాడని కాదు, ఎంత సాయం కావాలని ఆ లెక్క. నలుగురితో మాట కలపడానికి ఒక లెవల్, మార్పు తట్టుకోలేకపోవడం, చేసిందే చేయడం లాంటివాటికి ఇంకొకటి వేరుగా ఇవ్వాలి. చోటును బట్టి, కాలాన్ని బట్టి అది మారొచ్చని కూడా అందులోనే ఉంది. జనం మాత్రం ఒక్క అంకె పట్టుకుని పిల్లాడి నుదుటికి అంటిస్తారు.

క్యాంపులో వాళ్ళు వాడేది ఇసా (ISAA) అని ఆటిజం ఎంతుందో కొలిచే మన దేశపు పట్టిక. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 నుంచి 106 వరకు మైల్డ్, 153 దాకా మోడరేట్ అంటే మధ్యస్థం, పైన సివియర్ అంటే తీవ్రం. ఎంత తరచుగా చేస్తాడన్నదాన్ని బట్టే మార్కు. నువ్వు సిగ్గుపడి "ఎప్పుడో ఒకసారి" అన్నావనుకో, అంకె పడిపోతది. ఆ మార్కులను బట్టి వైకల్యం 40 శాతం రాకపోతే చాలా సౌకర్యాలు అందవు. అందుకే వాడి మంచి రోజు చెప్పకు. కుక్కర్ విజిల్ వేసినప్పుడు ఏం చేస్తాడో, చొక్కా మారిస్తే ఎన్ని గంటలు ఏడుస్తాడో అది చెప్పు. ఫోన్‌లో వీడియో ఉంటే చూపించు.

ఎక్కువ రాస్తే భయమే, కాదనను. మా వీధిలో మాటలు రాని అమ్మాయికి సివియర్ అని రాశారు. ఇక ఆ ఇంట్లో ఏ కూర తింటవని కూడా ఎవరూ ఆమెను అడగరు. చింటూను నువ్వు అట్లా వదిలే తల్లివి కాదు. బడివాళ్ళకు మైల్డో మోడరేటో చెప్పకు. బెల్లు ముందు బయటికి పంపాలి, ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలి, ముట్టుకునే ముందు పిలవాలి. కాగితం మీద ఈ మూడూ రాసివ్వు.

కోప్పడ్డాననుకోకు తల్లీ. అల్లుడికి సెలవు దొరకకపోతే గురువారమే కాజీపేటలో రైలెక్కి పెద్దపల్లిలో దిగుతా. సకినాలు డబ్బాలో గుడ్డ పరిచి తెస్తా, విరిగినవి వాడు ముట్టడు కదా.

మీ పెద్దమ్మ