సీఎఫ్‌డీ కోర్సుకు డబ్బు కట్టేముందు

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల అమరిక) సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీశాను. అందులో ప్రవాహాన్ని లెక్కించే ఫ్లో సిమ్యులేషన్ పెడితే లోపల గాలి ఉండే భాగాన్ని గుర్తించడమే లేదు. సీఎఫ్‌డీలో, అంటే ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పనిలో, ఉద్యోగం చేయాలని ఉంది. 60 వేలు కట్టి కోర్సులో చేరమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. మీరు ఆగిపోయిన చోటే ఈ పనికి మొదటి మెట్టు. అది సొంతంగా ఎక్కాక కోర్సు కావాలో వద్దో మీకే తెలుస్తుంది.

మీరు గీసింది లోహాన్ని. గాలి పారేది దాని లోపలి ఖాళీలో. ఆ ఖాళీకీ ఒక ఆకారం ఉంది. మానిఫోల్డ్‌ను పోత పోసేటప్పుడు ఫౌండ్రీలో లోపల ఇసుక కోర్ పెడతారు చూడండి, అచ్చం అదే మీ ఫ్లూయిడ్ వాల్యూమ్. దగ్గర్లో ఫౌండ్రీ ఉంటే ఒక పూట వెళ్లి ఆ కోర్‌ను కళ్లారా చూసి రండి.

సాఫ్ట్‌వేర్‌కు ఆ ఖాళీ కనపడాలంటే తెరిచి ఉన్న నోళ్లన్నీ మూయాలి. గాలి వచ్చే నోరు ఒకటి, సిలిండర్లకు వెళ్లేవి నాలుగు, మొత్తం ఐదు మూతలు. విద్యార్థులు ఈ ఐదూ పెట్టేసి, ప్రెజర్ సెన్సర్ బిగించే చిన్న రంధ్రాన్ని మర్చిపోతుంటారు. చిల్లు కుండలో నీళ్లు నిలవనట్టే, ఒక్క రంధ్రం మిగిలినా వాల్యూమ్ రాదు. 'క్రియేట్ లిడ్స్'తో మూతలు పెట్టి 'చెక్ జామెట్రీ' నడపండి. లీక్ ఎక్కడుందో వెతికే సదుపాయం అందులోనే ఉంది. యాన్సిస్ స్పేస్‌క్లెయిమ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఈ ఖాళీని బయటకు తీసేది 'వాల్యూమ్ ఎక్స్‌ట్రాక్ట్'. ప్రవాహాన్ని మార్చని బోల్టు రంధ్రాలు, మరలు, సన్నటి ఫిల్లెట్లు (మూలల గుండ్రదనాలు) ముందే తీసేయండి. లేదంటే మెష్ దగ్గర, అంటే వాల్యూమ్‌ను లెక్క కోసం చిన్న చిన్న గళ్లుగా విడగొట్టేటప్పుడు, ఏడిపిస్తాయి.

వచ్చిన వాల్యూమ్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ముందు 25 మి.మీ. లోపలి వ్యాసం, మీటరు పొడవు ఉన్న తిన్నటి గొట్టంతో ఇదంతా చేయండి. దాదాపు 491 మిల్లీలీటర్లు రావాలి. తర్వాత అందులో నీటిని మెల్లగా, రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నునుపుగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా చెప్పే అంకె) 300 దాటకుండా పారించి, వచ్చిన పీడన తగ్గుదలను నునుపైన ప్రవాహానికి పీడన తగ్గుదలను ఇచ్చే హేగన్-పాయిజెల్ సూత్రంతో పోల్చండి. గొట్టం మొదట్లో ప్రవాహం ఇంకా కుదురుకోదు కాబట్టి ఆ భాగాన్ని వదిలి లెక్కవేయండి.

ఇంటర్వ్యూలో రంగురంగుల చిత్రాలు ఎవరైనా చూపిస్తారు. 'ఈ ఫిల్లెట్ ఎందుకు తీశావు, అవుట్‌లెట్‌ను ఎందుకు పొడిగించావు?' అని అడిగితే నోరు పెగిలేది చేసినవాళ్లకే. అందుకే ప్రతి మార్పునూ, దాని కారణాన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఖర్చు లేకుండా నేర్చుకోవడానికి ఓపెన్‌ఫోమ్, ఫ్రీక్యాడ్, యాన్సిస్ స్టూడెంట్ వెర్షన్ అనే సాఫ్ట్‌వేర్లు, ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి. టర్బులెన్స్ (సుడుల ప్రవాహం) మోడళ్లు, సమీకరణాలను లెక్కించే సాల్వర్ల లోతుల్లోకి వెళ్లాలనిపిస్తే గేట్ రాసి థర్మల్ లేదా ఫ్లూయిడ్స్‌లో ఎంటెక్ చేయండి. నా ఓటు దానికే. ఆ 60 వేలు అప్పటిదాకా దాచుకోండి. ఈ వారం మాత్రం ఆ సెన్సర్ రంధ్రం మూసి, వాల్యూమ్ ఎంత వచ్చిందో రాయండి.